నాలుగు తెరలు, ఒక ఎడమ కాలి గోలు

శుక్రవారం ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికి మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్లో అడిలైడ్ రైలు కదిలింది. క్లేటన్‌లో మా ఇంటి నుంచి చీకటితోనే బయల్దేరి, లోకల్ రైలు పట్టుకుని, పరుగులాంటి నడకతో వచ్చి ఎక్కాను. మా ఆవిడ విజయ కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో ఉంది. విమానమైతే గంటన్నరలో తీసుకెళ్లి పడేస్తుంది. ఈ రైలుకు పగలంతా పడుతుంది. పైగా వారానికి రెండు రోజులే నడుస్తుంది. శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగి రావాలనుకునేవారికి మాత్రం అచ్చంగా సరిపోతుంది. టిక్కెట్టు ముందుగా తీసుకుంటే విమానం కంటే ఎక్కువేం కాదు. సీట్లు వెడల్పు, కాళ్లు చాపుకోవచ్చు, కాఫీ మాత్రం తాగకండి.

ప్రయాణానికి కారణం మా అమ్మాయి మేధ. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో చదువుకుంటూ అక్కడి యూనివర్సిటీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. శనివారం వాళ్ల ఫైనల్. ఇక్కడి ఫుట్‌బాల్‌ను ఫుటీ అంటారు. కోడిగుడ్డు ఆకారపు బంతి, చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి బంతి పోతే గోలు. అంతవరకు తెలిస్తే ఈ ప్రయాణానికి చాలు. మొదట్లో మోకాళ్లు విరుగుతాయే అని వద్దన్నవాడినీ నేనే, తర్వాత కనబడిన ప్రతి తెలుగువాడికీ మా అమ్మాయి ఆడుతోందని చాటినవాడినీ నేనే. ఇన్నేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా మైదానంలో నిలబడి చూడలేదు. అన్నీ ఫోన్లోనే.

జీలాంగ్ దాటాక ఎదురు సీట్లలోని పెద్దాయన లేచి, చేతికర్రలు రెండూ ఆనించుకుని, పెట్టెలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. పేరు రాన్. తుంటికి ఆపరేషన్ చేయించుకుని మెల్‌బోర్న్‌లో డాక్టరుకు చూపించుకుని ఇంటికి వెళ్తున్నాడు. అరగంటకోసారి నడవమన్నారట. ఆయన భార్య జోన్ ఊలు అల్లుకుంటూ, ఆయన నా దగ్గర ఆగినప్పుడల్లా "ఆ మనిషిని విసిగించకు" అంటోంది. ఇద్దరిదీ డింబూలా. అది గోధుమ పొలాల మధ్య రైలు ఆగే చిన్న ఊరు.

"ఎక్కడిదాకా?" అని రాన్ అడిగాడు. మా అమ్మాయి ఫైనల్ అని చెప్పాను. ఆయన చేతికర్రలు పక్కన పెట్టి కూర్చుండిపోయాడు.

"ఏ జట్టు?"

చెప్పాను. జోన్ అల్లిక ఆపేసింది. వాళ్ల మనవరాలు టెస్ కూడా అదే జట్టు. మేధ నోట ఆ పేరు వందసార్లు విన్నాను. జట్టులో అందరికంటే పొడుగైన పిల్ల, ముందు వరసలో ఉండి గోల్స్ కొట్టేది తనే.

"మీరు రావట్లేదా మరి?" అన్నాను.

"రేపు నర్సు వచ్చి కట్టు మారుస్తుంది. ఆ చలిలో రెండు గంటలు కూర్చుంటే చంపేస్తానంది డాక్టరమ్మ," అన్నాడు రాన్. "నాకు ఒక్కటే చూడాలని ఉంది మేట్. టెస్ ఆరేళ్లప్పటి నుంచి చెబుతున్నాను, ఎడమ కాలు వాడవే అని. మా షెడ్డు వెనకాల వేలసార్లు తన్నించాను. షెడ్డు దగ్గర కొడుతుంది, మ్యాచ్‌లో మాత్రం కుడికాలే. భయం. చదువైపోయింది, రేపటిది ఆఖరి ఆట. అయితే రేపు కొట్టాలి, లేకపోతే ఇక లేదు."

వాళ్లు ఆ మ్యాచ్ చూడాల్సింది ట్యాబ్లెట్‌లో. సంచీలోంచి తీసి చూపించింది జోన్, పసిపిల్లను చూపించినట్టు. కానీ యాప్ ఎలా తెరవాలో ఇద్దరికీ తెలియదు.

ఇక్కడ ఆ ప్రసారం సంగతి కొంచెం చెప్పాలి. నిరుటి దాకా ఈ కాలేజీ మ్యాచ్‌లు ఎవరైనా చూడగలిగేవారు. ఆటగత్తెల తల్లుల్లో ఎవరో ఒకరు ఫోనును స్టాండుకు తగిలించి లైవ్ పెట్టేవారు. గాలి హోరు, ఆవిడ దగ్గు, పక్కన కుక్క మొరుగుడు అన్నీ వినిపించేవి, బంతి సగంసేపు కనిపించేది కాదు. అయినా ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ చూసుకునేవాళ్లం. ఈ ఏడాది ప్రసార హక్కులు ఒక కంపెనీ కొనుక్కుంది. ఇప్పుడు మంచి కెమెరా, స్కోరు పట్టీ, కోటు వేసుకున్న వ్యాఖ్యాత. జరుగుతున్నప్పుడు చూస్తే చూసినట్టు, తర్వాత మళ్లీ వేయరు. మైదానంలో ఎవరూ వీడియో తీయకూడదు. చందా కట్టాలి. జట్టు కుటుంబాలకు మాత్రం జట్టంతటికీ కలిపి ఒక ఉచిత పాస్‌వర్డ్ ఇచ్చారు. అది ఒకేసారి నాలుగు తెరల మీదే నడుస్తుంది. ఐదోవాడు లోపలికొస్తే మొదటివాడు బయటికి పోతాడు. అందుకని ఏ వారం ఎవరు రాలేకపోతే వాళ్లే చూడాలని పిల్లలు వాళ్లలో వాళ్లు ఒప్పందం చేసుకున్నారు.

ఇదంతా రాన్‌కు వివరించింది నేనే. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, చెప్పడానికి సరదా. ట్యాబ్లెట్ తీసుకుని యాప్ ఎక్కించాను, పాస్‌వర్డ్ కొట్టాను. "ఈ బొమ్మ నొక్కండి, అంతే," అన్నాను. "నాలుగు తెరలే కదా, సరిపోతాయా?" అని జోన్ అడిగింది. "నేను మైదానంలోనే ఉంటాను, నా వాటా కూడా మీదే," అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. పులిహోర పెట్టాను. రాన్ వేరుశెనగ గింజలు ఏరుకుని తిని, మిగతాది మర్యాదగా జోన్ వైపు జరిపాడు.

ఒంటిగంట దాటాక డింబూలా వచ్చింది. జోన్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "ఆదివారం ఇదే రైల్లో తిరిగొస్తావుగా. ప్లాట్‌ఫారం మీదికి వస్తాం, జామ్ ఇస్తాను," అంది. రాన్ చేతికర్ర ఎత్తి ఊపాడు.

రైలు మళ్లీ కదిలింది. అటూ ఇటూ పచ్చటి గోధుమ చేలు, అక్కడక్కడా ధాన్యం నిలవచేసే ఎత్తైన సిమెంటు గాదెలు. తోచక ఫోను తీశాను. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాన్నగారి మనవడికి ఏదో బహుమతి వచ్చిందని ఫొటో, దాని కింద ముప్పై చప్పట్లు. నాకు చిన్నగా గుచ్చుకుంది. అబద్ధమెందుకు, గట్టిగానే గుచ్చుకుంది. "రేపు మన మేధ ఫైనల్ ఆడుతోంది, ఆస్ట్రేలియా టీవీలో లైవ్," అని రాశాను. వెంటనే పొన్నూరు నుంచి బావగారు, అంటే మా అక్క భర్త, "మేమెలా చూడాలి?" అన్నారు. పాస్‌వర్డ్ పెట్టేశాను. కింద "ఎవరో ఒకరే చూడండి, మీలో మీరు సర్దుకోండి," అని కూడా రాశాను.

ఎవరైనా నవ్వుతారేమో, మా ఇంట్లో ఇది తప్పుగా ఎవరికీ తోచదు. ఒకళ్లు సినిమాల యాప్ కొంటే ఆరిళ్ల వాళ్లం చూస్తాం. పాస్‌వర్డ్ అడిగితే లేదనడం, భోజనాల వేళకు ఇంటికొచ్చినవాణ్ణి తిన్నావా అని అడక్కపోవడంతో సమానం. అయితే ఈ పాస్‌వర్డ్ నాది కాదు. అది తెలుసు. తెలిసే పెట్టాను.

దక్షిణ ఆస్ట్రేలియాలోకి వచ్చాక గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. సాయంత్రం ఆరవుతుండగా అడిలైడ్ చేరాం. స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉండదు, టాక్సీ కావాలి. ఊళ్లోని పెద్ద స్టేషన్ నుంచి మాసన్ లేక్స్‌కు లోకల్ రైళ్లు తరచుగానే ఉన్నాయి. మోటెల్ గది శుభ్రంగా ఉంది, హీటరు మాత్రం శబ్దమే తప్ప వేడి ఇవ్వదు.

మేధ చెరువు పక్కనున్న హోటల్‌కు వచ్చింది. పెద్ద పళ్లెం నిండా పాస్తా తింది.

"డాడ్, యూ డిడ్న్ట్ గివ్ ద పాస్‌వర్డ్ టు ఎనీవన్, రైట్? టెస్ పాప్ చూడాలి. మేనేజర్ కీప్స్ రిమైండింగ్ అస్."

పాప్ అంటే ఇక్కడ తాత. "నేనెవరికిస్తానే," అన్నాను. గ్లాసు ఎత్తి నీళ్లు తాగాను.

గదికి రాగానే గ్రూపు తెరిచాను. పెట్టింది తీసేద్దామనుకున్నాను. వేలు దాని మీదే ఉంది. తీసేస్తే "చూశావా, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాడు" అనరూ? బావగారు, అక్క, చిన్నాన్నగారు. మొహమాటం. చివరికి "దయచేసి బావగారు ఒక్కరే చూడండి, ఇక్కడ ఒక పెద్దాయన చూడాల్సి ఉంది," అని రాశాను. అందరూ నమస్కారం బొమ్మలు పెట్టారు. మావాళ్లలో నమస్కారం బొమ్మకు అర్థం "చదివాం, మా ఇష్టం" అని. నాకది ఆనాడూ తెలుసు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆట. మైదానం క్యాంపస్ అంచున ఉంది. చలిగాలి చెవులు కోసేస్తోంది. కంచెకు "వీడియో తీయరాదు" అన్న బోర్డు, ఒక మూల ఇనుప నిచ్చెన మీద కెమెరా. మా వైపు కూర్చున్నవాళ్లలో సాసేజ్ బ్రెడ్డు నమలని వాడిని నేనొక్కడినే. మేధ పద్నాలుగో నంబరు చొక్కాతో పరుగెత్తుతోంది. ఫోన్లో ఇంత చిన్నగా కనిపించే పిల్ల ఇంత గట్టిగా గుద్దుకుంటుందని నాకు తెలియనే తెలియదు. పక్కన ఎర్ర టోపీ ఆయన ప్రతిసారీ "గుడ్ ఆన్ యా, ఫోర్టీన్!" అని అరుస్తుంటే, ఆ నంబరు మాదేనని చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పాను కూడా.

జేబులో ఫోను వణుకుతూనే ఉంది. నాలుగు భాగాల ఆటలో మూడు భాగాల దాకా ఓర్చుకున్నాను. ఆఖరి భాగంలో తీశాను. "సూపర్." "మన పిల్ల ఏది?" "నంబరు చెప్పు అన్నయ్యా." "నాకు ఆగిపోయింది, మళ్లీ లోపలికెళ్లా." "నాకూ అంతే, మళ్లీ వచ్చింది." ఆ చివరి రెండూ మళ్లీ చదివాను. ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ ఎంతమంది చూస్తున్నారో! ఇందులో రాన్ ఎక్కడున్నాడు? "దయచేసి అందరూ బయటికి రండి" అని రాయడం మొదలుపెట్టాను. అది పూర్తిచేసే ముందు, సిగ్గుమాలిన వేళ్లు, "పద్నాలుగు" అని కూడా కొట్టాయి.

అప్పుడే మైదానమంతా ఒక్కసారిగా లేచింది. తలెత్తేసరికి బంతి స్తంభాల అవతల గడ్డిలో దొర్లుతోంది. పిల్లలంతా పొడుగమ్మాయి మీద కుప్పగా పడి ఉన్నారు. అడుగున మేధ ఉంది. "చూశావా అది! చూశావా!" అని ఎర్ర టోపీ ఆయన నా భుజం కుదిపేశాడు. "వాట్ ఎ గోల్!" అన్నాను. చప్పట్లు కొట్టాను.

గెలిచారు. పిల్లలు బురదతో, కన్నీళ్లతో కంచె దగ్గరికి వచ్చారు. మేధ నన్ను వాటేసుకుంది. "టెస్ తన లెఫ్ట్‌తో కొట్టింది! డిడ్ యూ సీ?" అంది. "చూశాను తల్లీ," అన్నాను.

పది అడుగుల అవతల టెస్ ఫోన్లో మాట్లాడుతోంది. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం నాకు కనిపించింది. ఫోను పెట్టేసి వచ్చింది.

"పాప్ చూడలేదట. మొదటి భాగం నుంచే యాప్ బయటికి తోసేసిందట. మళ్లీ పెట్టుకున్నా నిమిషంలోనే తోసేస్తుంటే, ఇక ఎలా తెరవాలో తెలియక వదిలేశారట," అంది. "లెఫ్ట్‌తో కొట్టానంటే, నన్ను సంతోషపెట్టడానికి అంటున్నావులే అన్నాడు."

నా చేతిలో ఫోను మళ్లీ వెలిగింది. "మ్యాచ్ అయిపోయిందా, తెర మూసేయనా అన్నయ్యా?" ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మేధ దాన్ని చదివింది. నా ముఖం చూసింది. పుట్టి బుద్ధెరిగాక నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషు కలపకుండా జవాబివ్వని నా కూతురు, టెస్‌కు అర్థం కాకూడదని, మెల్లగా అచ్చ తెలుగులో అంది.

"నువ్వేనా నాన్నా?"

ఫోను జేబులో పెట్టుకున్నాను. మేధ టెస్ భుజం మీద చెయ్యి వేసి అటు తీసుకెళ్లిపోయింది. నా పేరు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది. అంత సిగ్గు నా జన్మలో ఎరగను.

ఆదివారం ఉదయం ఏడున్నరకు మేధ కారులో స్టేషన్ దగ్గర దింపింది. దారంతా రేడియో వింది. దిగేటప్పుడు "దే ఆర్ కమింగ్ టు ద స్టేషన్, జామ్ ఇవ్వడానికి. జోన్ టోల్డ్ టెస్," అంది. "అప్ టు యూ, డాడ్." ముద్దు పెట్టింది, కానీ ఆ ముద్దు కూడా అలవాటుకొద్దీ పెట్టిందే.

తిరుగు ప్రయాణంలో ముర్రే నది మీది వంతెన, కొండలు, గొర్రెల మందలు చూడదగ్గవి. నేను చూడలేదు. డింబూలా రాకూడదని కోరుకుంటూ కూర్చున్నాను. ఆ నర్సు ఇవాళ కూడా వస్తే బాగుణ్ణు, వాన పడితే బాగుణ్ణు అనుకున్నాను. బోర్డర్‌టౌన్ దాటాక టాయిలెట్లో దాక్కుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. యాభై మూడేళ్ల మనిషిని.

డింబూలాలో ఇద్దరూ ఉన్నారు. రాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్రల మీద నిటారుగా నిలబడి ఉన్నాడు. దిగాను. జోన్ ఆప్రికాట్ జామ్ సీసా నా చేతిలో పెట్టింది.

"నువ్వు చక్కగా పెట్టిచ్చావు, ఈయనే ఏదో తప్పు బొమ్మ నొక్కాడు," అంది.

"నేనే నొక్కినట్టున్నాను," అన్నాడు రాన్. "పోనీలే. నువ్వు చెప్పు మేట్. టెస్ ఎడమ కాలితో కొట్టానంటోంది. ఆ పిల్ల నన్ను బుజ్జగించడానికి ఏమైనా అంటుంది. నువ్వు అక్కడున్నావు. ఎడమ కాలేనా?"

ఎడమ కాలే అని మేధ చెప్పింది. అవును అంటే అబద్ధం కూడా కాదు. ఆయన కళ్లు నీలంగా, నీళ్లతో, నా నోటి మీదే ఉన్నాయి. షెడ్డు వెనకాల వేలసార్లు తన్నించిన మనిషికి, చూడకుండా చూశానని చెప్పడానికి నోరు రాలేదు.

"నేను చూడలేదు రాన్," అన్నాను. "ఆ క్షణంలో ఫోను చూసుకుంటున్నాను."

ఆయనకు కోపం రాలేదు. అర్థం కాలేదంతే.

"అక్కడే ఉన్నావు కదా," అన్నాడు.

రైలు ఉద్యోగి ఎక్కమని పిలిచింది. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది. నేను ఎక్కాను. తలుపు మూసుకుంది. ఉండిపోయిందా, ఉంచేశానా అంటే, ఉంచేశాను.

హోర్షమ్ దాటాక ఫోను మోగింది. పొన్నూరు బావగారి వాయిస్ మెసేజ్. అక్కడ ఆదివారం ఉదయం, టిఫిన్ అయి తీరుబడిగా ఉన్నారు.

"ఏమోయ్, మ్యాచ్ అదిరిపోయింది. నాకైతే ఎక్కువసేపు ఎప్పుడూ ఆగలా, పోతే మళ్లీ ఎక్కేవాణ్ణి. అది సరే, ఆ చివర్లో పొడుగు పిల్ల ఎడం కాలితో వంచి కొట్టిందే, అబ్బబ్బ! కుడివైపు తన్నబోయినట్టు తిరిగి, ఎదుటిపిల్లని బోల్తా కొట్టించి ఎడం కాలితో! మీ అక్కని వంటింట్లోంచి పిలిచి చూపించా."

మూడుసార్లు విన్నాను. కిటికీ బయట గ్రాంపియన్స్ కొండలు నీలంగా సాగిపోతున్నాయి. ఈ రైలు ఎక్కేవారు తూర్పుకు వచ్చేటప్పుడు కుడివైపు కూర్చోండి, ఆ కొండలు చాలాసేపు వెంట వస్తాయి. ఆ అందంలో నా ముఖమే అద్దంలో అడ్డంగా కనిపిస్తూ ఉంది.

గోలు చూసిన సాక్షి దొరికాడు. రాన్‌కు కావలసింది అదే. ఆ సాక్షి ఎవరో చెప్పకుండా ఆ సాక్ష్యం ఇవ్వలేను.

మేధకు మెసేజ్ పెట్టి రాన్ నంబరు అడిగాను. ఎందుకని అడగలేదు, వెంటనే పంపింది. అరారట్‌లో రైలు ఆగినప్పుడు చేశాను. జోన్ ఎత్తి ఆయనకిచ్చింది.

"రాన్, ఎడమ కాలే," అన్నాను. "కుడివైపు తన్నబోయినట్టు తిరిగి, అవతలి అమ్మాయిని మోసం చేసి, ఎడమ కాలితో వంచి కొట్టింది."

అవతల ఊపిరి వినిపించింది. "ఆ తిరగడం నేను నేర్పిందే," అన్నాడు. అంతలోనే, "నువ్వు చూడలేదన్నావుగా. ఎవరు చూశారు?" అన్నాడు.

"మా బావగారు," అన్నాను. "ఇండియాలో. మీ తెర మీద. పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను."

ఫోను పెట్టేశాడనుకున్నాను.

"ఆయన్ని అడుగు," అన్నాడు చివరికి రాన్, గొంతు పొడిగా. "కొట్టాక టెస్ నవ్విందా?"